మోటారు చట్టమూ, మత్తుమందూ

నాచారం పారిశ్రామికవాడలో ట్రాలీ ఆటో నడుపుకొని బతికే ఒక యువకుడు నాకు చాలాకాలంగా తెలుసు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ఇంటర్మీడియట్ సగంలో వదిలి తండ్రి చేసే పనిలోకే దిగాడు. రసాయనాల డ్రమ్ములు, ఇంజనీరింగు షెడ్ల ఇనుప సామాను, అట్టపెట్టెలు, ఏది దొరికితే అది ఉప్పల్ వైపో, హబ్సిగూడ వైపో చేరవేస్తాడు. బండి అతనిది కాదు, రోజు కిరాయిది. కిందటి వేసవిలో ఒక రాత్రి దారిలో పోలీసులు ఆపి యంత్రంలో ఊదమన్నారు. ఊదాడు. చట్టం పెట్టిన హద్దుకు లోపలే అంకె కనిపించింది. కాని బండి దిగి నాలుగడుగులు వేయబోతే కాళ్లు తేలిపోయాయి. ఆపినవాళ్లకు ఏమి చేయాలో తోచలేదు. కొంతసేపు తమలో తాము తర్జనభర్జన పడి, బండిని పక్కన పెట్టించి, ఇంటికి పొమ్మన్నారు. మర్నాడు నా దగ్గరకు వచ్చి తానే చెప్పాడు: "సార్, నేను కల్లే తాగిన. రెండు సీసలు. మిషిన్ల ఏం రాలే. గని నాకైతే ఒక్క రోడ్డు రెండు రోడ్ల లెక్క కనవడ్డది."

ఆ యంత్రం అబద్ధం చెప్పలేదు. దానికి తెలిసిన పదార్థం ఒక్కటే, ఆల్కహాలు. ఆ సీసాలో కల్లు ఎంత వుందో, కల్లు కానిది ఎంత వుందో చెప్పే శక్తి దానికి లేదు. ఇది యంత్రం సంగతి. మరి చట్టం సంగతి ఏమిటి? మత్తుమందు తిని వాహనం నడిపేవాణ్ణి గుర్తించడానికి, పరీక్షించడానికి, నేరం రుజువు చేయడానికి మన చట్టంలో ఏమున్నది? ఈ ప్రశ్నతో చట్టం పుస్తకం తెరిచినవాడికి మొదట ఆశ్చర్యం కలుగుతుంది. ఎందుకంటే మత్తుమందు అనే మాట మోటారు చట్టంలోకి నిన్న మొన్న వచ్చింది కాదు. అది అక్కడ 1939 నుంచీ వున్నది. ఇన్నేళ్లూ సారాకు కొలబద్ద దొరికింది. మత్తుమందుకు మాత్రం నేటికీ పోలీసు కంటిచూపే కొలబద్దగా మిగిలింది. ఇట్లా ఎందుకు జరిగిందన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయం.

ఈ చట్టానికి పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడ 1872 నాటి లైసెన్సింగు చట్టంలో తాగిన స్థితిలో గుర్రాన్నో, పశువులనో, బండినో, ఆవిరి యంత్రాన్నో వీధిలో నడిపించడం నేరమన్నారు. 1925లో ఆ నేరం యంత్రశక్తితో నడిచే అన్ని వాహనాలకూ వర్తించింది. 1930 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం ఇంకొక అడుగు వేసి, తాగుడుతో పాటు మత్తుమందును కూడా చేర్చింది. వాహనాన్ని సరిగా అదుపులో వుంచుకోలేనంతగా మద్యపు లేక మత్తుమందు ప్రభావంలో వుండడం నేరమన్నది ఆ సూత్రం. తొమ్మిదేళ్ల తరువాత వలస ప్రభుత్వం మన దేశానికి మోటారు వాహనాల చట్టం తయారు చేసినప్పుడు 117వ సెక్షనులో దాదాపు అవే మాటలు ఎత్తి పెట్టింది. ఇక్కడి రోడ్లు ఏవి, ఇక్కడి మత్తు ఏది, ఇక్కడి డ్రైవరు ఎవడు అన్న విచారణ ఆ సెక్షనులో కనబడదు.

అప్పటి హైదరాబాదు సంస్థానంలో మోటారు ఎవరి చేతిలో వుండేదో ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. నిజాం రైల్వేకు అనుబంధంగా 1932లో రోడ్డు రవాణా శాఖ మొదలైనప్పుడు దాని దగ్గర వున్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. మిగిలిన మోటార్లు జాగీర్దార్లవి, ఉన్నతోద్యోగులవి, పెద్ద వర్తకులవి. కూర్చునేవాడు ఒకడు, నడిపేవాడు ఇంకొకడు. ఉప్పల్, నాచారం అప్పటికి పొలాలూ చెరువులూ వున్న పల్లెలు. సంస్థానం 1948లో యూనియనులో చేరిన తరువాత భారత చట్టాలతో పాటు ఈ చట్టమూ మనకు సంక్రమించింది.

1939 నాటి సూత్రంలో ఒక సుగుణం వున్నది, ఒక దుర్గుణమూ వున్నది. సుగుణం ఏమంటే, ఏమి తాగావు, ఎంత తాగావు అని కాక, బండిని అదుపు చేయగలవా లేవా అని అడిగింది. ప్రజల ప్రాణానికి సంబంధించిన ప్రశ్న నిజానికి అదే. దుర్గుణం ఏమంటే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పే భారం పూర్తిగా మనుషుల అభిప్రాయం మీద వేసింది. పోలీసు వాసన చూస్తాడు. డాక్టరు కనుపాపలు చూస్తాడు, గీత మీద నడవమంటాడు, నాలుక తిరగని మాట చెప్పమంటాడు. ఆ అభిప్రాయమే సాక్ష్యం. ఈ విషయంలో సారాయి తాగినవాడికీ, నల్లమందు తిన్నవాడికీ తేడా లేదు.

ఆ తేడాను తెచ్చినది రసాయన శాస్త్రం. స్వీడనులో విడ్‌మార్క్ అనే శాస్త్రజ్ఞుడు 1932లో రక్తంలోని ఆల్కహాలు లెక్కను శాస్త్రీయంగా స్థిరపరిచాడు. నార్వే 1936లోనే రక్తంలో ఇంతకు మించితే నేరం అని అంకె పెట్టింది. అమెరికాలో బోర్కెన్‌స్టయిన్ అనే పోలీసు అధికారి 1954లో ఊపిరి పరీక్ష యంత్రాన్ని తయారు చేశాడు. ఊపిరిలోని ఆల్కహాలు తగిలి పొటాషియం డైక్రోమేటు ద్రావణం రంగు మారితే, ఆ మార్పును కొలిచి రక్తంలోని పాలు చెప్పేది. బ్రిటను 1967లో 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములన్న హద్దు పెట్టింది. ఆల్కహాలు స్వభావమే దీనికి అనుకూలించింది. అది చిన్న అణువు. నీటిలో సమంగా కలుస్తుంది, రక్తం నుంచి ఊపిరికి ఇంచుమించు స్థిరమైన పాళ్లలో చేరుతుంది. రక్తంలో అది పెరిగే కొద్దీ మనిషి అదుపు తప్పడమూ పెరుగుతుంది. అందుచేత అంకెకూ అదుపుకూ మధ్య ఒక సంబంధం కుదిరింది. ఈ సంబంధం ఆల్కహాలుకు కుదిరింది కదా అని అన్నిటికీ కుదురుతుందనుకోవడం దగ్గరే తరువాతి గందరగోళమంతా మొదలయింది.

మన దేశంలో అభిప్రాయం సాక్ష్యంగా చెల్లదని చెప్పినది 1971లో సుప్రీంకోర్టు. బచూభాయి హస్సనల్లీ కార్యానీ కేసులో నిందితుని దగ్గర మద్యం వాసన వచ్చింది, నడక తూలింది, కనుపాపలు విప్పారాయి, మాట తడబడింది. అయినా రక్తం, మూత్రం పరీక్షించలేదు గనుక తాగివున్నాడని తేల్చలేమన్నది కోర్టు. ఈ తీర్పును మనం జ్ఞాపకం వుంచుకోవాలి. మత్తుమందు విషయంలో పోలీసులు నేటికీ ఆధారపడే గుర్తులు సరిగ్గా ఇవే.

1988లో వచ్చిన కొత్త మోటారు వాహనాల చట్టం 185వ సెక్షనులో తాగుడును, మత్తుమందును రెండు ముక్కలుగా విడదీసింది. మొదటి ముక్క: రక్తంలో ఆల్కహాలు ఎంత స్వల్పంగా వున్నా నేరం. రవ్వంతైనా నేరమనడం ఆచరణలో నిలవలేదు. 1994 సవరణతో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు మించడం అన్న హద్దు, దాన్ని తేల్చడానికి శ్వాస పరీక్ష వచ్చాయి. రెండవ ముక్క: వాహనాన్ని సరిగా అదుపు చేయలేనంతగా మత్తుమందు ప్రభావంలో వుండడం. ఇది 1939 నాటి పాత ముక్కే. సగం సెక్షను శాస్త్రయుగంలోకి నడిచింది, మిగతా సగం పాత చోటనే కూర్చున్నది.

సెక్షను ఒక్కటే చూస్తే సరిపోదు. నేరాన్ని నిర్వచించడం వేరు, దాన్ని పట్టుకునే పనిముట్లు ఇవ్వడం వేరు. ఆ పనిముట్లు 202 నుంచి 205 వరకు వున్న సెక్షన్లలో వున్నాయి. పాఠకులు కొంచెం ఓపికతో నా వెంట రావాలని కోరుతున్నాను, ఎందుకంటే అసలు ఖాళీ ఇక్కడే వున్నది. 203వ సెక్షను ప్రకారం, 185 కింద నేరం చేశాడని అనుమానించడానికి సహేతుకమైన కారణం వుంటే యూనిఫారంలో వున్న పోలీసు శ్వాస పరీక్ష కోరవచ్చు. (రోడ్డుకు అడ్డంగా ఇనుప కంచెలు పెట్టి వచ్చిన ప్రతివాణ్ణీ ఊదమనడంలో ఆ సహేతుకమైన కారణం ఎక్కడ వుంటుందో నాకు ఇంతవరకు అర్థం కాలేదు.) శ్వాస పరీక్ష అంటే ఏమిటో అదే సెక్షను చెబుతుంది: రక్తంలో ఆల్కహాలు వున్న సూచన పొందడానికి చేసే పరీక్ష. 204వ సెక్షను ప్రయోగశాలలో రక్తపరీక్షకు వీలిస్తుంది. కాని ఎప్పుడు? శ్వాస యంత్రం ఆల్కహాలు వున్నదని చూపినప్పుడు, లేదా మనిషి ఊదడానికి నిరాకరించినప్పుడు. అంటే ఆల్కహాలు చుక్క తాకకుండా మత్తుబిళ్లలు మింగినవాడు బుద్ధిగా యంత్రంలో ఊదితే, ఆ సెక్షను కింద అతని రక్తం అడిగే దారి లేదు. ఇక 202వ సెక్షను, కళ్లెదుట 185 నేరం చేసినవాణ్ణి వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు అంటూనే, రెండు గంటల లోపు 203, 204 సెక్షన్లలో చెప్పిన వైద్య పరీక్ష జరగకపోతే విడిచిపెట్టాలంటుంది. ఆ సెక్షన్లలో చెప్పినది ఆల్కహాలు పరీక్షే కదా! నా శిష్యుణ్ణి ఆపిన పోలీసులు తర్జనభర్జన పడ్డారంటే వాళ్ల తెలివితక్కువ అనలేము. చట్టమే వాళ్లను గుండ్రంగా తిప్పింది.

అరెస్టయినవాణ్ణి డాక్టరు చేత పరీక్ష చేయించే సాధారణ అధికారం క్రిమినల్ ప్రొసీజరు కోడులో వున్నది నిజమే. 2005 సవరణ ఆ పరీక్షలో రక్తం, చెమట, వెంట్రుకలు మొదలైనవన్నీ చేర్చింది. 2024 జూలై 1 నుంచి అదే అధికారం నాగరిక్ సురక్షా సంహితలో 51వ సెక్షనుగా కొనసాగుతున్నది. కాని అది దొంగతనం నుంచి హత్య దాకా అన్ని నేరాలకూ పెట్టిన తలుపు. ఎంత మందు దొరికితే ఎంత అదుపు తప్పినట్టో అది చెప్పదు.

2019లో వచ్చిన పెద్ద సవరణ జరిమానా పెంచింది. మొదటి నేరానికి 2,000 రూపాయలున్నది 10,000 అయింది, మళ్లీ చేస్తే 15,000. జైలు ఆరు నెలలు, రెండేళ్లు అన్న పాత హద్దులే మిగిలాయి. పరీక్షల సంగతికి వస్తే, శ్వాస యంత్రంతో పాటు ప్రయోగశాల పరీక్ష కూడా చెల్లుతుందని చేర్చారు. ఎక్కడ చేర్చారు? ఆల్కహాలు ముక్కలో. మత్తుమందుకు నిర్వచనం మాత్రం విశాలమయింది. ఆల్కహాలు కాని ఏ మత్తుపదార్థమైనా, సహజమైనదైనా కృత్రిమమైనదైనా, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని మందులన్నీ అందులోకి వచ్చాయి. చదవడానికి బాగున్నది. కాని 1988 నాటి వివరణను దీని పక్కన పెట్టి చూడండి. అప్పటి వివరణ ప్రకారం కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన మందు మనిషిని అదుపు చేయలేనివాడిగా చేసినట్టే భావించాలి. 2019లో ఆ భావన తొలగింది, నిర్వచనం మిగిలింది. జాబితా పెరిగింది, రుజువు కష్టమయింది. ఇది తెలిసి చేసినదా, ముసాయిదా రాసినవాళ్లకు తట్టక జరిగినదా చెప్పలేను. ఫలితం మాత్రం అదే.

ఇంతవరకు చెప్పినది చట్టం లోపలి చరిత్ర. ఇప్పుడు సీసాలోపలి చరిత్రకు రావాలి. అది లేకపోతే తెలంగాణలో ఈ ఖాళీ ఎవరి మెడకు చుట్టుకుంటున్నదో అర్థం కాదు.

నిజాం సంస్థానంలో ఆబ్కారీ ఖజానాకు ముఖ్యమైన రాబడి. కల్లు, సారా, గంజాయి, నల్లమందు అన్నిటినీ లైసెన్సు దుకాణాలలో అమ్మించి ప్రభుత్వం సొమ్ము చేసుకునేది. 1316 ఫసలీ ఆబ్కారీ చట్టం ఈ ఏర్పాటుకు ఆధారం. వేలంలో దుకాణాలు పాడుకున్న ముస్తాజర్లు వూళ్లలో దొరల సరసన కూర్చున్నారు. చెట్టెక్కే గీతపనివాడికి మిగిలినది ప్రాణభయమూ, కూలీ. బొమ్మగాని ధర్మభిక్షం వంటి కమ్యూనిస్టు నాయకులు గీతపనివాళ్లను సంఘటితం చేసి సహకార సంఘాల కోసం పోరాడినది ఈ దోపిడీ మీదనే. గీతవృత్తిలో వున్నవాళ్ల మీద నాకు గౌరవమే తప్ప వేరు భావం లేదు. తాటిచెట్టు, ఈతచెట్టు ఇచ్చే కల్లు పులిసినా దానిలో ఆల్కహాలు సారాతో పోలిస్తే చాలా తక్కువ. దాని మీద ఈ వ్యాసానికి ఫిర్యాదు లేదు.

నగరం పెరిగింది, చెట్లు పోయాయి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ చుట్టూ ఒకప్పుడు పొలంగట్ల మీద వున్న ఈతచెట్ల స్థానంలో ఇప్పుడు షెడ్లు, అపార్టుమెంట్లు, మెట్రో స్తంభాలు నిలిచాయి. కొన్నేళ్ల పాటు మూతబడిన జంటనగరాల కల్లు కాంపౌండ్లు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. తాగేవాళ్లు లక్షల్లో వున్నారు. చెట్టు మాత్రం వూరికి దూరమయింది. కల్లు ఒక్కరోజు సరుకు, నిలువ వుండదు. ఈ లెక్క కుదరని చోట కొందరు వ్యాపారులు నీళ్లు, శాకరిన్, మత్తుబిళ్లల పొడి కలిపి లెక్క కుదుర్చుకున్నారు. మొదట క్లోరల్ హైడ్రేటు, తరువాత డయజిపాం, ఇప్పుడు ఎక్కువగా అల్ప్రాజోలం. ఆందోళనకూ నిద్రలేమికీ డాక్టరు మిల్లీగ్రాములలో కొలిచి రాసే మందును ఇక్కడ దోసిళ్లతో కలుపుతారు.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ మీద దాడులు చేసినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో కల్లు ఆగిపోయిన జనం చేతులు వణికి, మూర్ఛలు వచ్చి, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ ఆస్పత్రులకు వచ్చారు. తాము ఇన్నాళ్లూ కల్లుకు అలవాటు పడ్డామనుకున్నవాళ్లు నిజానికి బిళ్లకు అలవాటు పడ్డారని ఆనాడు లోకానికి తెలిసింది. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగి అనేకులు అస్వస్థులయ్యారు, పలువురు మరణించారు. నమూనాలలో అల్ప్రాజోలం బయటపడింది. చనిపోయినవాళ్లు కూలీలు, వృద్ధులు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు. కల్లు కాంపౌండుకు ఎవరు పోతారో మనందరికీ తెలుసు.

హైదరాబాదు మందుల పరిశ్రమకు పెట్టింది పేరు. ప్రభుత్వరంగంలో 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. నుంచి బయటికి వచ్చిన నైపుణ్యంతోనే ఈ నగరం చుట్టూ ముడిమందుల కర్మాగారాలు వెలిశాయి. దేశానికి చౌకగా మందు అందించిన ఘనత వాటికి వున్నది. అదే నైపుణ్యానికి చీకటి పక్క కూడా వున్నది. 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర పోలీసులు ఇక్కడికి వచ్చి, నాచారానికి ఎంతో దూరం లేని చర్లపల్లిలో మెఫెడ్రోను తయారవుతున్న కేంద్రాన్ని పట్టుకున్నారు. పట్టుకోవడానికి పరాయి రాష్ట్రం నుంచి రావలసి వచ్చిందన్నది గమనించదగిన విషయం. తార్నాక నుంచి ఉప్పల్ పోయే దారిలో భారత రసాయన సాంకేతిక సంస్థ, భూభౌతిక పరిశోధన సంస్థ, కణ జీవశాస్త్ర కేంద్రం వరసగా వున్నాయి. డి.ఎన్.ఏ. ముద్రల కేంద్రం ఒకప్పుడు నాచారంలోనే పనిచేసింది, ఇప్పుడు ఉప్పల్‌లో వున్నది. దేశంలో ఇంత రసాయన శాస్త్రం ఒకచోట పోగుపడిన రోడ్లు ఎన్నో వుండవు. ఆ రోడ్డు మీదనే ఒక డ్రైవరు మత్తులో వున్నాడా లేదా అన్నది అతని నడక చూసి నిర్ణయిస్తున్నాము.

నా శిష్యుని రాత్రికి తిరిగి వస్తే, చిక్కు ఇప్పుడు స్పష్టమవుతుంది. కల్లులో ఆల్కహాలు తక్కువ గనుక అతను 30 మిల్లీగ్రాముల హద్దు దాటలేదు. అల్ప్రాజోలం మాత్రం ఆ కొద్ది ఆల్కహాలుతో కలిసి రెండింటి ప్రభావాన్నీ పెంచింది. ఒక ముక్కకు అతను దొరకలేదు, రెండవ ముక్కకు సాక్ష్యం లేదు. అతను తప్పించుకున్నాడని సంతోషించడానికి నాకు మనసు రావడం లేదు. అదే రాత్రి షిఫ్టు దిగి సైకిలు మీద ఇంటికి పోయే కార్మికుడు ఆ ట్రాలీ ముందు వుండవచ్చు గదా.

ఇతర దేశాలు ఈ చిక్కును విప్పడానికి చేసిన ప్రయత్నాలు వున్నాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2004 డిసెంబరులో రోడ్డు పక్కన లాలాజల పరీక్ష మొదలుపెట్టింది. నార్వే 2012లో ఇరవై మందులకు రక్తంలో హద్దులు పెట్టింది. ఇంగ్లండులో 2015 మార్చి 2 నుంచి కొత్త నేరం అమలయింది. అక్కడి పద్ధతి ఆలోచించదగినది. గంజాయి, కొకైను వంటివాటికి చాలా తక్కువ హద్దులు పెట్టారు, అంటే దొరికితే చాలు అన్నట్టు. డాక్టర్లు రాసే మందులకు ప్రమాదాన్ని బట్టి పై హద్దులు పెట్టారు. డయజిపాంకు లీటరు రక్తంలో 550 మైక్రోగ్రాములు. డాక్టరు చెప్పినట్టు వాడినవాడికి, అదుపు తప్పనంతవరకు, రక్షణ కూడా ఇచ్చారు. తమ 1930 నాటి సూత్రాన్ని వాళ్లు పారేయలేదు, దాని పక్కన అంకెను నిలబెట్టారు. మనం వాళ్ల పాత మాటలు ఎత్తుకొచ్చి, వాళ్లు దాన్ని దిద్దుకున్నప్పుడు అటువైపు చూడలేదు.

అయితే అంకె దొరికితే అన్నీ తీరతాయని నమ్మే మిత్రులతో నేను ఏకీభవించలేను. గంజాయి అవశేషాలు మూత్రంలో రోజుల తరబడి, రోజూ తాగేవాడిలో వారాల తరబడి కనిపిస్తాయి. మత్తు మాత్రం కొన్ని గంటల్లో దిగిపోతుంది. అల్ప్రాజోలం రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడుతుంది. కొత్తగా మింగినవాడు తూలిపోయే మోతాదుకు అలవాటు పడినవాడు నిటారుగా నిలబడగలడు. మన నగరంలో ఇటీవల పబ్బుల మీద దాడుల్లో అక్కడికక్కడే మూత్రపరీక్షలు చేస్తున్నారు. ఆ పరీక్ష మందు ఒంట్లో చేరిందని చెప్పగలదు, స్టీరింగు పట్టలేడని చెప్పలేదు. పరీక్ష కిట్టు చేతికి రాగానే చట్టంలోని అదుపు అన్న మాటను మరిచిపోయి, దొరికితే నేరం అనే పద్ధతికి జారిపోతే, పోయిన వారం తాగినవాడికీ ఇప్పుడు తూలుతున్నవాడికీ ఒకే శిక్ష పడుతుంది. మొదట బలయ్యేది ఎవరో చెప్పనక్కర లేదు. కారు అద్దాల వెనక కూర్చున్నవాడికి వకీలు వుంటాడు.

పోలీసు పరీక్షలన్నీ పేదల మీద వేధింపే, వ్యతిరేకించాలి అనే మిత్రులూ వున్నారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. తాగి నడిపారన్న కారణంతో వాహనాలను పట్టి వుంచే అధికారం పోలీసులకు లేదని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో చెప్పవలసి వచ్చిందంటేనే అంతకు ముందు ఏమి జరిగేదో తెలుస్తున్నది. 2025లో అదే కోర్టు, శ్వాస పరీక్ష ఒక్కదాన్నే పట్టుకొని ఒక ఆర్టీసీ డ్రైవరును ఉద్యోగంలోంచి తీసివేయడం చెల్లదని, 1971 నాటి సుప్రీంకోర్టు తీర్పును ఆధారం చేసుకొని తీర్పు ఇచ్చింది. ఇవి కార్మికులకు అవసరమైన రక్షణలే. కాని పరీక్షే వద్దనడం వేరు. నడకను చూసి తీర్పు చెప్పే పద్ధతి కంటె రక్తం చూసి చెప్పే పద్ధతి కార్మికునికి ఎక్కువ రక్షణ. అతను తాగలేదని, అలసిపోయాడని, జ్వరంతో వున్నాడని రుజువు చేయగలిగేదీ ఆ రక్తమే. రెండు గంటల లోపు డాక్టరు పరీక్ష, నమూనాలో ఒక భాగం నిందితునికి, డాక్టరు చీటీకి విలువ, వీటితో కూడిన పరీక్షను మన సంఘాలే అడగాలన్నది నా అభిప్రాయం.

అలసట మాట వచ్చింది గనుక ఒక్క సంగతి. డ్రైవరు పనిగంటల మీద చట్టానికి ఎప్పటినుంచో తెలుసు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. కాని అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే అది వర్తించేది. నాచారంలో ట్రాలీ కిరాయికిచ్చే యజమాని కింద కార్మికుడే వుండడు, కిరాయిదారుడు వుంటాడు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా కోడులో ఆ చట్టం కలిసిపోయింది. కిరాయి బండివాడి పద్నాలుగు గంటలు అప్పుడూ ఎవరి లెక్కలోకీ రాలేదు, ఇప్పుడూ రాలేదు. సాయంత్రం ఆ ఒళ్లు నొప్పులు కల్లు కాంపౌండుకు పోతాయి.

ఈ మధ్య అతను మళ్లీ కనిపించాడు. చిక్కిపోయాడు. కల్లు మానేశానన్నాడు. మానిన మూడోనాటి నుంచి చేతులు వణికాయి, నిద్ర లేదు, ఒక రాత్రి మూర్ఛ వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు సంగతి గ్రహించి, ఒక్కసారిగా మానకూడదని చెప్పి, అదే జాతి మందును కొలిచిన మోతాదులో రాసి, వారం వారం తగ్గించుకుంటూ పొమ్మన్నాడు. చీటీ కింద ఎర్ర సిరాతో, మందు వాడుతున్నంతకాలం బండి నడపరాదని రాశాడు. అతను ఆ చీటీని చొక్కా జేబులో పెట్టుకొని బండి నడుపుతున్నాడు. పోలీసులు ఆపితే అది చూపించాలా, దాచుకోవాలా అని నన్ను అడిగాడు. చూపిస్తే మందు తిన్నట్టు తానే ఒప్పుకున్నట్టవుతుంది, దాస్తే రేపు రక్తంలో దొరికినప్పుడు ఏమని చెప్పాలి అన్నది అతని సందేహం. 185వ సెక్షనును మళ్లీ మొదటి నుంచి చదివాను. డాక్టరు చీటీ గురించి అందులో ఒక్క మాట లేదు. ప్రస్తుతానికి బండి తీయవద్దని చెప్పాను.

"మరి కిరాయి ఎవరు కడ్తరు సార్?" అన్నాడు.